ఇంటిలోని దొంగతూకము

బీదరు గంజ్‌లో అమ్మువానికిని, కొనువానికిని నడుమ నిలుచునది తక్కెడ. బస్తా కందులైనను, పిడికెడు ఇంగువయైనను దానిమీదికి ఎక్కక తప్పదు. సర్కారువారు నియతకాలమునకు వచ్చి తూనికరాళ్ళను పరీక్షించి ముద్రవేసి పోవుదురు. జైన వర్తకునకు ఆ ముద్రకంటె మునుపే వేరొక ముద్ర కలదు. హెచ్చుతగ్గు తూనికలు, కొలతలు వాడుట అచౌర్యవ్రతమునకు అతిచారమని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో చెప్పియున్నారు. ఇచ్చునపుడొక రాయి, పుచ్చుకొనునపుడొక రాయి పెట్టుకొన్నవాడు పరుల పెట్టె తెరువకున్నను దొంగయే.

అంగడిలో ఇంత జాగ్రత్తగల కుటుంబములలో ఇంటిలోపల మాత్రము ఒక దొంగతూకము సాగుచున్నది. దానికి ముద్రవేయు అధికారి లేడు. అది ఎదుగుచున్న బిడ్డల దేహములను తూచు తూకము.

ఒక ఉదాహరణ ఊహింపవచ్చును. పదునైదేండ్ల బాలిక సెలవులలో కొట్టునకు వచ్చి, బస్తాలు తూచు కాటాపై సరదాగా ఎక్కినది. "ఏమమ్మా, జొన్నల బస్తాతో పోటీ పడుతున్నావే!" అని పెదనాన్న నవ్వినాడు. గుమాస్తాలు నవ్వినారు. బాలికయు నవ్వినది. నాటి సాయంకాలమునుండి ఆమె పళ్ళెములో ఒక రొట్టె తగ్గినది. కొన్ని దినములకు "అమ్మా, రేపు ఉపవాసం చేస్తాను" అన్నది. మరి కొన్ని దినములకు మరల అన్నది. "ఎంత భక్తి!" అని ఇల్లంతయు మెచ్చుకొన్నది. ఆమె అన్న సన్నని పిల్లవాడు. "పుల్లలాగా ఉన్నావురా, గాలికి ఎగిరిపోతావు" అని మేనమామ పరిహసించును. ఆ పిల్లవాడు చేతిఖర్చు కూడబెట్టి, కండలు పెంచునని చెప్పెడి పొడిడబ్బా తెచ్చి మంచముక్రింద దాచుకొన్నాడు.

ఈ ఇంటిలో ఎవరును చెడ్డవారు కారు. పెదనాన్నకు ఆ పిల్లపై ప్రాణము. అయినను ఒక మాటతో ఒక బిడ్డ ఆకలిని దాచుకొనుట నేర్చుకొన్నది. ఇంకొక బిడ్డ డబ్బాను దాచుకొనుట నేర్చుకొన్నాడు. అహింసను పరమధర్మముగా తలచు ఇండ్లలో మాటవలన జరుగు హింసను హాస్యమని పిలువవచ్చునా? ఇదియే ఇక్కడి ప్రశ్న.

ఈ దొంగరాయి ఎక్కడనుండి వచ్చినది? కొంత పాతది, కొంత కొత్తది. పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ ద్వీపములలో పుష్టిగల దేహమును పూర్వమునుండి గౌరవించెడివారు. అచ్చటి ఒక ప్రాంతమునకు 1995లో టెలివిజన్ వచ్చినది. ఆ ఏడాదియు, మరల 1998లోను పాఠశాల బాలికలను పరిశోధకులు ప్రశ్నించిరి. బరువు తగ్గుటకై తిన్నది కావలెనని కక్కుట మొదటిసారి ఒక్కరును చెప్పలేదు. మూడేండ్లకు నూటికి 11 మంది చెప్పిరి. నాడు అది గదిలో ఒక మూలనున్న పెట్టె. నేడు అద్దమును, బొమ్మలపెట్టెయు ఒక్కటై సెల్‌ఫోను రూపమున ప్రతి బిడ్డ అరచేతిలో నున్నది. అందు కనబడు ముఖములు పెక్కు సానపట్టి దిద్దినవి. సానపట్టిన ముఖముతో పుట్టిన ముఖమును పోల్చుట నకిలీ సరుకు పక్కన అసలు సరుకునుంచి, అసలే తీసికట్టని తేల్చుటవంటిది.

అయితే నేరమంతయు ఫోనుపై వేయుట న్యాయము కాదు. "పిల్ల చామనచాయ", "కొంచెము ఒళ్ళుచేసినది" అను మాటలు టెలివిజన్ కంటె పాతవి. ఈ దేశములో 1975 నుండి అమ్ముడుపోవుచున్న ఒక ప్రసిద్ధమైన ముఖలేపనము 2020లో తన పేరునుండి తెలుపుదనమును తెలుపు మాటను తొలగించుకొన్నది. డబ్బీమీద మాట మారినది. పెండ్లిచూపులలో మాట మారవలసియున్నది.

ఈ విషయమున పూర్వాచార్యులు చెప్పినదేమి? సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో ఎనిమిది మదములను లెక్కించిరి. జ్ఞానము, పూజ, కులము, జాతి, బలము, ఐశ్వర్యము, తపస్సు, దేహము - వీనివలన కలుగు గర్వములే అవి. దేహగర్వమును, తపోగర్వమును ఒకే పట్టికలో చేర్చుట గమనింపదగినది. దేహమునుబట్టి గర్వించుట దోషమైనపుడు, దేహమునుబట్టి ఒకరిని సిగ్గుపడునట్లు చేయుట గుణమెట్లగును? గర్వమును, సిగ్గును ఒకే తక్కెడకు రెండు సిబ్బెలు.

శ్వేతాంబర సంప్రదాయమున మల్లి రాజకుమారి కథ ప్రసిద్ధము. దిగంబరులు మల్లినాథ తీర్థంకరుని పురుషునిగా తలతురు. అయినను కథలోని నీతి ఉభయులకును గ్రాహ్యమే. ఆమె సౌందర్యమును విని ఆరుగురు రాజులు మిథిలకు వచ్చిరి. ఆమె తన పోలికగల బంగారుబొమ్మను చేయించి, తాను భుజించు ఆహారమునుండి దినమున కొక ముద్ద దాని తలపైనున్న రంధ్రమున వేయించుచుండెను. రాజులు బొమ్మను చూచి మోహించిన వేళ మూత తీయగా, దుర్గంధమునకు వారు ముక్కులు మూసికొనిరి. దేహమోహము ఎంత వ్యర్థమో వారికి అప్పుడు తెలిసినది. ఈ కథలో సాధారణముగా ఎవరును చూడని సంగతి ఒకటి కలదు. బొమ్మలో పడినది ఒక్క ముద్ద. తక్కిన భోజనమును ఆమె తినినది. దేహమోహమును పోగొట్టుటకై ఆమె దేహమును ఎండగట్టలేదు.

"అటులైన ఉపవాసము తప్పా?" అని పెద్దలు అడుగుదురు. తప్పు కాదు. బాహ్యతపస్సులు ఆరింటిలో అనశనము మొదటిది. ఆకలికి కొంచెము తక్కువగా తినుట రెండవది. కాని త్యాగమును, తపస్సును శక్తికొలది చేయవలెనని తత్త్వార్థసూత్రమే చెప్పుచున్నది. శక్తికొలది అను మాట బలహీనులకు ఇచ్చిన రాయితీ కాదు. అది తపస్సునకు కొలత.

తపస్సునకును, సిగ్గుతో కూడిన పస్తునకును బయటికి రూపమొక్కటే. లోపల మాత్రము పగలునకును రాత్రికిని గల భేదము కలదు. తపస్సునకు సంకల్పము కలదు, గడువు కలదు, గురువుల ఎరుక కలదు, సంతోషముతో పారణ కలదు. సిగ్గుతోడి పస్తునకు గడువు లేదు. పారణనాడు సంతోషమునకు బదులు భయము కలుగును. ఉపవాసము ముగిసిన ఉదయమున బిడ్డ మొదట మందిరమునకు పోవునా, కాటా దగ్గరకు పోవునా? తల్లి ఈ ఒక్కటి గమనించిన చాలును.

ఎదుగు వయస్సున ఎముకలు గట్టిపడవలెను, రక్తము వృద్ధికావలెను. ఆడపిల్లకు ఆ వయస్సున తుంటి వెడల్పగుట, ఒళ్ళు నిండుట ప్రకృతి చేయు పని; రోగము కాదు. పెద్దలకు ఏర్పరచిన బరువు లెక్కలు పిల్లలకు చెల్లవు. వారికి వయస్సును బట్టి వేరు పట్టికలు కలవు. బహుదినములు నిరాహారముగా నున్న దేహమునకు ఒక్కసారిగా ఆహారమిచ్చినచో రక్తములోని లవణములు తారుమారై గుండెకు ప్రమాదము కలుగవచ్చునని వైద్యశాస్త్రము హెచ్చరించుచున్నది. 2016 అక్టోబరులో సికింద్రాబాదున దీర్ఘోపవాసానంతరము ఒక బాలిక మరణింపగా దేశమంతటను చర్చ జరిగినది. ఆ దుఃఖమును వాదమునకు వాడుకొనుట తగదు. కాని బిడ్డ ఉపవాసమునకు చప్పట్లు కొట్టుటకు ముందు, ఆ బిడ్డ శక్తి ఎంతయని వైద్యుని, గురువులను అడుగుట ప్రతి ఇంటికిని విధి. మెచ్చుకోలు కూడ ఒక భారమే. చిన్న భుజములు దానిని దింపుకొనలేవు.

ఇక ఆహారము సంగతి. ఆహారమును వైద్యదృష్టితో విచారించుట జైనులకు కొత్త కాదు. బీదరునకు పొరుగుననున్న కలబురగి జిల్లాలోని మల్‌ఖేడ్ ఒకనాటి మాన్యఖేటము, రాష్ట్రకూటుల రాజధాని. 9వ శతాబ్దమున జైన వైద్యుడగు ఉగ్రాదిత్యుడు తన కల్యాణకారకమను గ్రంథములో మాంసములేని వైద్యమును ప్రతిపాదించెను. నృపతుంగ అమోఘవర్షుని సభలో ఆ వాదమును వినిపించినట్లు అందే కలదు. శాకాహారముతో ఆరోగ్యము నిలుచునని సభలో నిలిచి వాదించినవారి సంతతికి, ఆ శాకాహారమును సరిగా వడ్డించు బాధ్యతయు కలదు.

ఆ బాధ్యత ఎంత నెరవేరినది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. అదే వయస్సు బాలురలో నూటికి 31 మందికి కలదు. అనగా బరువెక్కుచున్నదని పరిహసింపబడు పిల్లలోనే రక్తము చాలక పోవచ్చును. కాటాకు ఆ సంగతి తెలియదు.

మందు దూరమున లేదు. బీదరు నేల జొన్నలకు, కందులకు, పెసలకు, మినుములకు పేరుపడినది. సరిహద్దు ఆవల జహీరాబాదు ప్రాంతపు రైతు స్త్రీలు చిరుధాన్యములను నిలిపి, తమ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఈక్వేటర్ బహుమానము తెచ్చిరి. లోకమంతయు 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరుపుకొన్నది. జొన్నరొట్టె, కందిపప్పు, పుంటికూర, నిమ్మకాయ లేక ఉసిరి - ఇవి ఈ గంజ్‌లోనే దొరకును. పులుపు తోడైనచో కూరలోని ఇనుము ఒంటబట్టును. భోజనము వెంటనే త్రాగు టీ దానిని అడ్డగించును. శాకాహారులకు బి12 విటమిను ముఖ్యముగా పాలు, పెరుగులనుండియే రావలెను. ద్విదళ నియమము గలవారు పెరుగును పప్పుతో కలుపక వేరుపూట పెట్టుదురు. పాలు మానినవారు వైద్యుని అడిగి మాత్ర వాడుట మంచిది.

రాత్రిభోజన త్యాగమున్న ఇండ్లలో మరియొక చిక్కు కలదు. పిల్లలు ట్యూషను ముగించి వచ్చుసరికి ప్రొద్దు గుంకును. నియమము తప్పరాదని కొందరు పస్తుగా పండుకొందురు. కొందరు దారిలో చిప్సు పొట్లముతో కడుపు నింపుకొందురు. ఐదుగంటలకు ఒక క్యారియరు ట్యూషనుకు పంపినచో నియమమును దక్కును, బిడ్డయు దక్కును.

"మరి లావును గూర్చి నోరెత్తనే కూడదా? గద్దెపై కూర్చుండు కుటుంబములలో చక్కెరవ్యాధి లేని ఇల్లేది?" అని కొందరు వాదింతురు. ఆ వాదములో నిజమున్నది. చెప్పవలెను, కాని దేహమును గూర్చి కాదు, అలవాటును గూర్చి చెప్పవలెను. "లావైపోయావు" అను మాటలో దారి లేదు. "రేపు పొద్దున కోట దాకా నడుద్దాం, నాతో రా" అను మాటలో దారి కలదు. అది చెప్పువాడు ముందు తన పళ్ళెములోని మిఠాయిని తగ్గించుకొనవలెను. కూతురికి ఒక రొట్టె, కొడుకునకు నేతితో మూడు రొట్టెలు పెట్టు ఇల్లు రెండు రాళ్ళు వాడు అంగడివంటిదే.

వర్తకుల అరలను గూర్చియు ఒక మాట. కండలు పెంచుటకై ప్రోటీను పొడులు వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో కలదు. వ్యాపారము మానుమని ఎవరును అనరు. కాని "ఇది తాగితే నెలలో కండలు వస్తాయి", "ఇది పూస్తే తెల్లబడతావు" అని పిల్లలకు చెప్పి అమ్ముట సరుకు తూకము సరిగానుండియు మాట తూకము తప్పుటయే. ముందు వరుసలో వేరుసెనగ, బెల్లపు చిక్కీ పెట్టుటకు ఏ చట్టమును అక్కరలేదు.

బిడ్డ భోజనమును తప్పించుకొనుట, తిన్నది దాచుట, కక్కుట, కండ్లు తిరుగుట, నెలసరి ఆగుట వంటివి కనిపించినచో పరిహాసమును, ప్రశంసను రెండును మాని వైద్యుని చూడవలెను. మనసు విప్పి మాటాడుటకు 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ 14416 అను నెంబరున ఉచితముగా పలుకును. సంఘములో పేరు పోవునను భయము కంటె బిడ్డ పోవునను భయము పెద్దది కావలెను.

అనేకాంతము చెప్పునదేమి? ఒక వస్తువును ఒక వైపునుండి చూచి ఇదియే సర్వమనుట దోషము. కాటాపై కనబడు అంకె ఒక వైపు మాత్రమే. ఆ బాలిక లెక్కలలో దిట్ట కావచ్చును, అవ్వకు మందులు వేళకు ఇచ్చునది కావచ్చును. అంకెను చూపి "ఇదే నీవు" అనుట ఏకాంతవాదము.

పర్యూషణము ముగిసిన వేళ వర్తకులు దూరపు ఊళ్ళలోని బేరగాండ్రకు సైతము ఫోను చేసి "మిచ్ఛామి దుక్కడం" అందురు. బాకీ ఎగవేసినవానికి కూడ చెప్పుదురు. అదే ఇంటిలో, కాటాపై నవ్వి దిగిపోయిన పిల్లకు ఆ మాట ఎవరును చెప్పరు. ఈ యేడు పెదనాన్న ఆ పిల్లను పిలిచి, "ఆ రోజు కాటా దగ్గర అన్న మాట తప్పమ్మా, క్షమించు. రా, అందరం కలిసి తిందాం" అని చెప్పిన చాలును. అంగడిలోని రాళ్ళకు సర్కారువారి ముద్ర. ఇంటిలోని రాళ్ళకు ఆ మాటయే ముద్ర.