కప్పు చల్లబడితే ఇల్లు చల్లన

జహీరాబాద్ దాటి ముంబై హైవే మీద వెళ్తుంటే, కర్ణాటక సరిహద్దున చిరాగ్‌పల్లి వస్తుంది. ఎండాకాలం ఆ దారిన వెళ్లే లారీ డ్రైవర్లు, పొలం కూలీలు తలకు తువ్వాలు చుట్టుకోనిదే ఎండలోకి దిగరు. మరి ఇంటి తలకు?

సిమెంటు స్లాబు పగలంతా వేడిని మింగుతుంది. పొద్దుగూకాక ఆ వేడినే గదిలోకి వదులుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. తిప్పేది మాత్రం వేడిగాలినే. మీటరు కూడా ఆగదు.

కప్పు చల్లబడితే ఇల్లు చల్లబడుతుంది. తెలంగాణలో ఇది చేసి చూశారు. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో కొన్ని ఇళ్ల కప్పులపై ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. చెమటతో నిద్రపట్టని రాత్రి, ఆ రెండు డిగ్రీలే ఎంతో. 2023లో రాష్ట్రం ఏకంగా కూల్ రూఫ్ విధానాన్నే తెచ్చింది.

పల్లెలో ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. డాబా ఊడ్చి, కడిగి, ఆరనిచ్చి, చల్లపూట సున్నం రెండు పూతలు వేస్తే చాలు. వానలకు కొంత కొట్టుకుపోతుంది. మళ్లీ ఏడాది వేసుకోవాల్సిందే. ఆ శ్రమ దండగ కాదు.

ఏసీ ఉన్నవారు 24 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే కరెంటు ఇంకా మిగులుతుంది. అయినా ముందు కప్పు సంగతి చూడాలి. కప్పు చల్లబడితేనే ఇల్లు చల్లబడుతుంది.

ఎండలు ముదరకముందే, ఈ ఆదివారమే డాబా ఎక్కండి. సున్నం బకెట్టు, బ్రష్షు వెంట తీసుకెళ్లండి.