తవ్వేవాడి బాకీ

వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లవాడు రెండు నెలలు ఎండలో కూర్చుని, చిన్న తాపీతో మట్టి గీకి, కుండ పెంకులు ఏరి వచ్చాడంటే మన ఇళ్ళలో ఏమంటారు? "ఇందుకా నిన్ను చదివించింది?" అంటారు. పైగా దొరికిన వాటిలో ఒక్క పెంకైనా వాడు ఇంటికి తెచ్చుకోకూడదు. మరి ఆ పనికి విలువ ఎక్కడుంది?

గండి చుట్టుపక్కల తవ్వకమంటే ముందు తోచేది గుప్తనిధి. పాత కోటల్లో, పాడుబడ్డ గుళ్ళలో రాత్రిళ్ళు గునపాలు వేసినవాళ్ళ కథలు మనకు కొత్త కాదు. వాళ్ళూ తవ్వుతారు, ఆ విద్యార్థీ తవ్వుతాడు. తేడా ఆశలో ఉందని సులువుగా అనేస్తాం. నాకు ఆ జవాబు చాలదు. జ్ఞానం మీది ఆశ కూడా ఆశే. తెలుసుకోవాలనే కోరికలో సద్గుణమూ ఉంది, దుర్గుణమూ ఉందని పునీత తోమాసు అక్వినాసు వారు విడదీసి చెప్పారు.

1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకం చూడండి. అంతకుముందు ఏడాది తక్షశిలలో ఆయన విద్యార్థులకు తవ్వకం నేర్పే శిబిరం పెట్టారు. వస్తువు ఒక్కటే కాదు, అది పడి ఉన్న పొర ముఖ్యమన్నది ఆయన పాఠం. అరికమేడులో ఇటలీలోని అరెజ్జో రకపు ఎర్రని పళ్ళేల ముక్కలు, మధ్యధరా ప్రాంతపు ద్రాక్షసారాయి జాడీల ముక్కలు దొరికాయి. ఆ పళ్ళేలు ఏ కాలానివో ఐరోపాలో ముందే తెలుసు. కనుక అదే పొరలో వాటి పక్కన ఉన్న మన కుండలకూ కాలం తెలిసింది. ఆ పెంకును ఎవరో ముందే ఏరి అల్మరాలో పెట్టుకుని ఉంటే? అందమైన పెంకే, కాని నాలుక కోసిన సాక్షి.

అయితే ఇక్కడొక చిక్కుంది. పొరను చదవాలంటే పొరను తొలగించాలి. చదివిన పుట చదివినట్టే కాలిపోయే పుస్తకమది. అంటే నిధి దొంగ చేసే నష్టమే పండితుడూ చేస్తున్నాడు. ఆయనకు ఆ హక్కు ఎక్కడిది? రాయడంలో ఉందంటాను. చూసింది చూసినట్టు, తన ఊహకు ఎదురు తిరిగినదీ కలిపి, లోతులు కొలిచి రాసి పదిమందికి అప్పగించాలి. తవ్వి రాయని పండితుడికి ఎంత పెద్ద పట్టా ఉన్నా, గునపం దొంగకు ఆయన ఆమడ దూరంలో ఏమీ లేడు.

వీలర్ 1946లోనే నివేదిక అచ్చు వేశారు. ఆయన అభిప్రాయాలన్నీ నిలవలేదు. రోము వర్తకం వల్లే ఆ ఊరు ఎదిగిందన్నట్టు ఆయన చూశారు. 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ బృందం మళ్ళీ తవ్వి, రోము సరుకు రాకముందే అక్కడ ఊరుందని, ఆ తర్వాతా బతికిందని చూపింది. వీలర్ తన కొలతలు దాచుకోలేదు కనుకే ఆయనను సరిదిద్దడం సులువైంది.

మన చెయ్యేటి ఒడ్డున అత్తిరాలలోనూ రోమను బంగారు నాణేలు దొరికాయి. రేపు మీ మడకకు అలాంటి కుండ తగిలితే? పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలపాలన్నది 1878 నాటి చట్టం. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలనీ అందులోనే ఉంది. ఈ రెండో మాట రైతుల చెవిన పడదు, ఆఫీసుల చుట్టూ తిరగాలన్న భయం మాత్రం ముందే పడుతుంది. ఆ భయం ఉత్తదని నేననను. కాని ప్రొద్దుటూరు బంగారు అంగట్లో మూసలోకి వెళ్ళిన నాణేనికి చక్రవర్తి తల లెక్కకు రాదు. చెవికమ్మకూ దానికీ తూకం ఒకటే.