భయము పశ్చాత్తాపము కాదు



మన సంఘములలో మెల్లగా మాటలాడుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. అయితే మెల్లగా మాటలాడుట వేరు, బొత్తిగా మాటలాడకుండుట వేరు. హెచ్.ఐ.వి. అను పేరు వినబడగానే మన కూడికలలో నిశ్శబ్దము ఆవరించును. ఆ నిశ్శబ్దములో ఎవరో ఒకరు ఒంటరిగా నలిగిపోవుచుందురు. అట్టివారిని తలంచుకొని ఈ మాటలు వ్రాయుచున్నాము.

నేడు మన పల్లెలలో శేరిలింగంపల్లి పేరు ఎరుగని ఇండ్లు తక్కువ. ఒకప్పుడు అది హైదరాబాదు అంచుననున్న ఊరు. 1998లో సైబర్ టవర్స్ తెరువబడిన పిమ్మట మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములు మేడలతో నిండిపోయెను. 2007లో ఆ ఊరు మహానగరములో కలిసిపోయెను. పాలమూరు నుండియు శ్రీకాకుళము నుండియు మన బిడ్డలు అక్కడికి పోయిరి. కొందరు మేడలు కట్టుదురు, కొందరు కార్లు నడుపుదురు, కొందరు గేటు కాడ కాపలా కాయుదురు, కొందరు కంప్యూటర్ల యెదుట కూర్చుందురు. తల్లి కన్ను, కాపరి పలకరింపు అక్కడ లేవు. జీతపు దినము ఉన్నది, స్నేహితులు ఉన్నారు, ఎవరును అడుగని రాత్రులు ఉన్నవి.

అక్కడ పనిచేయు ఒక యవ్వనస్థుని ఊహించుకొనుడి. అతనికి పెండ్లియైనది, భార్య ఊరిలో అత్తమామల యొద్ద నున్నది. ఒక రాత్రి అతడు స్నేహితుల వెంట పోయి పరిచయము లేని స్త్రీతో కూడెను. నిరోధ్ వాడెను గాని అది చిరిగెనేమోనని అతని అనుమానము. ఆమెకు వ్యాధి యున్నదో లేదో అతనికి తెలియదు. మరునాటి నుండి అతడు అద్దములో నాలుక చూచుకొనును, మెడ తడవి గడ్డలు వెదకును, కొంచెము చెమట పట్టినను జ్వరమనుకొనును. పండుగకు రమ్మని భార్య ఫోను చేసిన, సెలవు దొరకలేదని చెప్పును. ఆరు నెలలు గడచును. పరీక్షకు మాత్రము పోడు. "నేనింతగా బాధపడుచున్నాను గదా, ఇదియే నా పశ్చాత్తాపము" అని తనకు తాను చెప్పుకొనును.

ఇది నిజముగా పశ్చాత్తాపమేనా? నేడు మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే.

కాదని మా మనవి. ఏలయనగా ఈ బాధ అంతయు ఎవరినిగూర్చినదో చూడుడి. "నాకేమగునో, నా పేరేమగునో" అని అతడు రాత్రులు మేలుకొనుచున్నాడు. ఆ ఆరు నెలలలో ఒక్క దినమైనను అతడు తన భార్యకు మేలైన కార్యము చేయలేదు. భయము మనుష్యుని తనవైపునకే త్రిప్పును. పశ్చాత్తాపము తాను ఎవరికి అన్యాయము చేసెనో వారివైపునకు త్రిప్పును. భయము దాగుకొనును, పశ్చాత్తాపము వెలుగులోనికి నడచును. ఏదెను తోటలో చెట్ల మాటున దాగిన మన మొదటి తలిదండ్రులు భయపడిరి గాని, ఆ చెట్ల మాటున వారికి బాగుపడు మార్గము దొరకలేదు.

ఇతని మనస్సులో రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడియున్నవి. మొదటిది, నేను తప్పు చేసితినా? రెండవది, నా రక్తములో రోగము ప్రవేశించెనా? మొదటిదానికి జవాబు చెప్పవలసినది మనస్సాక్షి. రెండవదానికి చెప్పవలసినది ప్రయోగశాల. ఎంత ఏడ్చినను రక్తములో నున్నది తెలియదు. రక్తములో ఏమియు లేదని తేలినను చేసిన తప్పు చెరిగిపోదు. రోగము లేదను కాగితము క్షమాపణ పత్రము కాదు. రోగమున్నదను కాగితము దేవుని శిక్షాపత్రమును కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము చేసినవాడు వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు మన ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను. ఈ రోగముతో మన రాష్ట్రములలో జీవించుచున్న స్త్రీలలో అనేకులకు అది తమ భర్తల వలననే వచ్చినది. వారు చేసిన పాపమేమి? బలవంతమునకు గురియైనవారు కూడ కొందరు ఈ భయముతోనే యున్నారు. వారి మీద నేరమే లేదు. నేరము బలవంతము చేసినవానిది. రోగమును పాపమునకు కొలతగా పెట్టుకొనువాడు ఇట్టివారందరికి అన్యాయము చేయుచున్నాడు.

అనుమానమును గూర్చి లేఖనములు మనకు ఒక మంచి పద్ధతి నేర్పినవి. లేవీయకాండము 13వ అధ్యాయము చదివి చూడుడి. చర్మము మీద మచ్చ కనబడినవాడు తన గుడారములో కూర్చుండి తానే తీర్పు తీర్చుకొనకూడదు. యాజకుని యొద్దకు పోవలెను. మచ్చ సంగతి స్పష్టముగా లేనియెడల ఏడు దినములు వేచి మరల చూపింపవలెను. అప్పటికిని తేలనియెడల మరి ఏడు దినములు. పిమ్మట మాట చెప్పుదురు. చూపించుకొనుట, వేచియుండుట, మరల చూపించుకొనుట, చెప్పిన మాటను అంగీకరించుట అను ఈ నాలుగును నేటికిని సరియైన మెట్లే.

కాబట్టి ఈ రోగమును గూర్చి తెలిసికొనవలసినది తెలిసికొందము. హెచ్.ఐ.వి. ఉన్న వ్యక్తితో, చికిత్సయు రక్షణయు ఏదియు లేక, స్త్రీపురుషులు ఒకసారి కూడినయెడల అది అంటుకొను అవకాశము పదివేలలో 4 నుండి 8 వరకు నుండునని వైద్యులు లెక్కగట్టిరి. పుండ్లుగాని ఇతర సుఖరోగములుగాని యున్నయెడల అది పెరుగును. కొన్ని విధములైన సంగమములలో ఇంకను హెచ్చు. కాగా "ఒక్కసారియే గదా" అని తేలికగా తీసికొనకూడదు. "ఒక్కసారి చాలును, నేను చచ్చినవాడనే" అనియు అనుకొనకూడదు. జ్వరము, గొంతు నొప్పి, దద్దురులు చూచి ఎవరును నిర్ణయింపలేరు. అవి నూరు రోగములలో కనబడును. ఏ లక్షణమును లేక సంవత్సరములు గడపువారును కలరు.

ప్రమాదము జరిగి 72 గంటలు దాటనియెడల ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు పోవలెను. ఆయన అవసరమని తలంచినయెడల 28 దినములు వాడవలసిన మందులు ఇచ్చును. అవి రోగము పాతుకొనకుండ ఆపగలవు. ఎంత త్వరగా మొదలుపెట్టిన అంత మేలు. ఆదివారము వరకు ఆగవద్దు.

ఆ గడువు దాటిపోయినయెడల పరీక్ష మిగిలియున్నది. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రులలోను, ఇతర ప్రభుత్వ ఆసుపత్రులు అనేకములలోను ఐ.సి.టి.సి. అను కేంద్రములు కలవు. అక్కడ పరీక్ష ఉచితము. పరీక్షకు ముందును తరువాతను సలహాదారు కూర్చుండబెట్టి మాటలాడును. రోగము ప్రవేశించిన వెంటనే పరీక్షలో కనబడదు. నరము నుండి రక్తము తీసి ప్రయోగశాలలో చేయు క్రొత్త పరీక్షలు 18 నుండి 45 దినములలో దానిని పట్టగలవు. వేలిని పొడిచి చేయు పరీక్షకు మూడు నెలల వరకు పట్టవచ్చును. కనుక తొలుత లేదని వచ్చినను గడువు నిండిన తరువాత మరల చూపించుకొనవలెను. మొదటి కిట్‌లో అనుమానము కనబడినంత మాత్రమున రోగమున్నదని చెప్పరు; వేరు వేరు కిట్లతో మరల చూచి నిర్ధారింతురు. సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు కూడ అప్పుడే చేయించుకొనుట మంచిది. ఎక్కడికి పోవలెనో తెలియనివారు 1097 అను నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో నున్న చట్టము ప్రకారము మీ సమ్మతి లేక పరీక్ష చేయరాదు, మీ సంగతి బయటపెట్టరాదు, ఈ రోగమున్నదని ఎవరినిగాని పనిలోనుండి తీసివేయరాదు.

మన దేశమున ఈ రోగము మొదట 1986లో మద్రాసులో, డాక్టరు సునీతి సాల్మన్ గారి ఆధ్వర్యమున జరిగిన పరీక్షలలో బయటపడెను. ఆ కాలమున రోగమున్నదని తెలిసినను బీదవాడు చేయగలిగినది స్వల్పము. కనుక నాటి భయమునకు కారణము కలదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. దినమునకొకసారి మాత్ర క్రమముగా వేసికొనువాడు ఇంచుమించు అందరివలెనే ఆయుష్షు గడుపగలడు. రక్తములో వైరస్ కనబడనంతగా అణగినప్పుడు అది సంగమము ద్వారా ఇతరులకు అంటదు. మందులు వాడు తల్లికి ఆరోగ్యముగల బిడ్డ పుట్టవచ్చును. కారణము చాలవరకు పోయినది గాని భయము మాత్రము పోలేదు.

తెలియక పడు భయము ఎంత దూరము తీసికొని పోవునో 2020 ఫిబ్రవరిలో మనము చూచితిమి. చిత్తూరు జిల్లాలో ఒక గ్రామస్థుడు తనకు కరోనా సోకెనని తలంచి, తనవారికి అంటకూడదని తన ప్రాణమే తీసికొనెను. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ తెగులు ఒక్కరికిని నిర్ధారణ కాలేదు. ఆ మనుష్యునికి తనవారియెడల ప్రేమ కలదు. ఆ ప్రేమకు దారి చూపు తెలివియే అందలేదు.

ఇప్పుడు, ఓ సహోదరుడా, నీతో ఒక మాట. పరీక్ష నీ కొరకు మాత్రమే కాదు. ఊరిలో నున్న ఆమె కొరకు. ఫలితము నిశ్చయమగు వరకు ఆమెను అపాయములో పెట్టకుము. ఇంటికి పోయి, ఏమియు జరుగనట్లు కాపురము చేసి, పిమ్మట దేవుడు చూచుకొనునని చెప్పుట విశ్వాసము కాదు. అది ఆమె ప్రాణముతో జూదమాడుట. రోగమున్నదని తేలినయెడల ఆమెకు తెలియజేయవలెను, ఆమెయు పరీక్ష చేయించుకొనవలెను. ఎట్లు చెప్పవలెనో తెలియనియెడల సలహాదారు నీకు తోడుపడును. లేదని తేలినయెడల దేవునికి స్తోత్రము చెల్లించుము. గాని నీవు ఆమెకిచ్చిన ప్రమాణమును మీరిన సంగతి ఇంకను నిలిచియున్నది. ఆ సంగతిని ప్రయోగశాల తీర్చలేదు. దానిని దేవుని యెదుటను, నమ్మదగిన పెద్ద యెదుటను ఒప్పుకొని, ఆమెతో నిజాయితీగా ఎట్లు నడువవలెనో నేర్చుకొనుము.

గడువు నిండిన పరీక్షలో లేదని వచ్చిన తరువాత ఐదు చోట్ల ఐదుసార్లు రక్తమిచ్చువారును కలరు. వారి రక్తము బాగుగనే యున్నది; నెమ్మది లేనిది మనస్సు. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. మానసిక వైద్యుని చూడవలెను, లేదా 14416 అను టెలి మానస్ నంబరునకు ఫోను చేయవలెను.

సంఘపెద్దలారా, మీకును మనవి. ఎవరైన మీ యొద్దకు వచ్చి ఈ భయము చెప్పుకొన్నయెడల మొదట పరీక్షకు తోడుగా పొండు, పిమ్మట బోధింపుడి. ఆ సంగతిని ప్రార్థన మనవిగా కూడ సభలో బయటపెట్టకుడి. హెచ్.ఐ.వి. కలసి తినుటవలన అంటదు, చేయి కలుపుటవలన అంటదు, ప్రభురాత్రి భోజనపు గిన్నెవలనను అంటదు. మన ముందటివారు ఇంతకంటె గొప్ప భయమును జయించిరి. 1915లో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠు ఆసుపత్రి తెరచినప్పుడు, ఊరివారు వెలివేసిన రోగులకు అక్కడ చోటు దొరికెను. తెలిసికొనుట, తాకుట, మందిచ్చుట అను మార్గముననే ఆ భయము తగ్గుచు వచ్చెను. ఈ భయమునకును మార్గము అదియే.

కనుక భయపడుచున్న చదువరీ, ఈ పత్రికను మూసి ప్రార్థించుము. లేచిన తరువాత మోకాళ్లకు అంటిన దుమ్ము దులుపుకొని ఆసుపత్రికి పొమ్ము. ఒంటరిగా పోలేనియెడల ఒకరిని తోడు తీసికొనుము. నీవు పోకపోయినను రక్తములో నున్నది ఉండనే యుండును. పోయినయెడల మాత్రమే నీవును నీ ఇంటివారును దాని విషయమై ఏదైన చేయగలరు.