సంకల్పహింస

తిరుమల శ్రీవారి మూలవిరాట్టునకు బ్రహ్మోత్సవముల సందర్భమున గద్వాల సంస్థానము పక్షమున సమర్పింపబడు ఏరువాడ జోడు పంచెల నేత యెంతటి నియమముతో సాగునో గద్వాల సీమయైన నడిగడ్డవారికి వేరుగ చెప్పనక్కరలేదు. దీక్ష వహించిన నేతగాండ్రు అందుకై ప్రత్యేకించిన యింట మగ్గము నిలిపి, స్నానము చేసి మడి కట్టుకొన్న పిమ్మటనే నాడె ముట్టి, దాదాపు 41 దినములు ఆ నిష్ఠ చెడకుండ 11 గజముల పొడవుగల పంచెలను నేయుదురు. ఇందు నన్ను మిక్కిలి ఆకర్షించునది ఆ నిష్ఠ కాదు, అది మొదలగు వేళ. వస్త్రమును మగ్గమునుండి దించిన తరువాత ఇది స్వామికి యోగ్యమా కాదా యని విచారింపక, పడుగు పరచుటకు ముందే, అనగా వస్త్రమింకను సంకల్పమాత్రముగ నున్నప్పుడే విచారింపవలెనని మన పెద్దలు భావించిరి. వస్తువు యొక్క గుణదోషములు దానిని చేయ తలపెట్టినప్పుడే అందు ప్రవేశించునను ఈ భావము, నేడు కొత్త పదార్థములను సృజించు శాస్త్రజ్ఞులు ఎన్నో చేదు అనుభవముల పిమ్మట చేరుకొనుచున్న భావమే.

అయితే ఆ నియమములు విచారించునది నేతగాని దేహమును, ఆహారమును, నడవడిని. పట్టు ఎక్కడిది, రంగునీరు ఎక్కడికి పోవును అను ప్రశ్నలు వానిలో లేవు. ఇది తప్పు పట్టుటకై చెప్పుట లేదు. చిరివేరుతోను నీలితోను అద్దకము సాగిన కాలమున ఆ ప్రశ్నలు ఎవరికిని తోచియుండవు. శౌచమను భావము కర్త చుట్టును తిరిగినది. కర్మ యొక్క దూరఫలముల వెంట నడువలేదు.

అట్లని దూరఫలములను మనవారు బొత్తిగా ఎరుగరనుట న్యాయము కాదు. గృహస్థుని యింట పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అను నైదును అయిదు వధ్యస్థానములని, వానివలన నిత్యము ప్రాణిహింస జరుగుచునే యుండునని, ఆ పాపము పోవుటకే పంచమహాయజ్ఞములు విధింపబడినవని మనుస్మృతి చెప్పుచున్నది. అన్నము వండుకొనుటకును రక్తము అంటునని ఒప్పుకొనిన ఆ నిజాయితీ నాకు ఎంతయు నచ్చును. కాని అది ప్రాయశ్చిత్తమార్గము. హింస జరిగిన తరువాతి మార్గము. రోటిలో నలిగిన చీమకు సాయంకాలపు వైశ్వదేవము వలన ఒరిగినదేమో నాకు తెలియదు.

జైనులు మరియొక మెట్టు లోనికి దిగిరి. గృహస్థుడు చేయు హింసను వారు నాలుగు విధములుగ విభజించిరి: ఇంటిపనులలో తప్పనిది ఆరంభి, వృత్తిలో తప్పనిది ఉద్యోగి, ఆత్మరక్షణకై చేయునది విరోధి, కావలెనని తలచి చేయునది సంకల్పి. కడపటిదానిని గృహస్థుడు సంపూర్ణముగ విడువవలెను. మిగిలినవానిని యథాశక్తి తగ్గించుకొనవలెను. నాగలి కింద పురుగు చచ్చినంతమాత్రమున రైతు హంతకుడు కాడు. ఈ విభాగము నేటి పరిశ్రమలకు ఎంతవరకు సరిపోవునని ఆలోచించినకొలది నాకు తోచునది ఒక్కటియే: ఉద్యోగిహింసకును సంకల్పహింసకును నడుమనున్న గోడ జ్ఞానమే. కీడు తెలిసి, వస్తువు ఇంకను పుట్టక, చేయి వెనుకకు తీసికొను అవకాశముండి కూడ ముందుకు సాగినవానిది ఉద్యోగిహింస యనుటకు వీలులేదు. సంకల్పహింసకు చంపవలెనను కోరికయే లక్షణము, ఎరుక మాత్రము చాలదని జైనపండితులు ఆక్షేపింపవచ్చును. వారి శాస్త్రము వారిది. నేను చెప్పునది రంగుల చరిత్ర నుండి నేర్చుకొన్నది.

1856లో ఇంగ్లండునందు పెర్కిన్ అను యువకుడు తారునుండి ఊదారంగును తీసినది మొదలు కృత్రిమవర్ణములు లోకమును ముంచెత్తినవి. 1895లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున రేన్ అను శస్త్రవైద్యుడు, రంగుల కర్మాగారమున పనిచేయువారికి మూత్రాశయమున వ్రణములు పుట్టుచున్నవని గమనించి, అనిలీన్ జాతి పదార్థములను శంకించి ప్రకటించెను. విడిపోయినప్పుడు అటువంటి అమైన్లను పుట్టించు కొన్ని అజోరంగులను జర్మనీ 1994లో నిషేధించినది. మన దేశము 1997లో అజోరంగులు డెబ్బదింటిని నిషేధించినది. మొదటి హెచ్చరికకును మన నిషేధమునకును నడుమ 102 సంవత్సరములు గడచినవి. గద్వాల, రాజోలి, కొత్తకోట, అమరచింత వంటి నేతయూళ్లకు నూలును పట్టును అద్దినవారిని తలచుకొందము: కాగుచున్న తొట్టిలో చిలపలను ముంచి, కఱ్ఱతో త్రిప్పి, పిండి, మోచేతులదాక రంగు పట్టిన చేతులతోనే అన్నము తినినవారు. వారికి డబ్బాపైని రంగు పేరు తప్ప మరేమియు తెలియదు. అది వారి ఉద్యోగిహింస కూడ కాదు. అందు చిక్కిన ప్రాణులు వారే. అంత తెలిసియు ఆ అణువునే మరల కూర్చి డబ్బాకెత్తినవానిది మాత్రము నిస్సంశయముగ సంకల్పహింస. కర్మ ఒక్కటియే, తొట్టికడ దాని పేరు వేరు, ప్రయోగశాలలో వేరు.

పట్టు విషయము ఇంతకంటె చిక్కైనది. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఒడలి పేకను అంచు పేకతో వరుసవరుసకును చేతితో మెలివేసి కలుపుదురు; దీనినే కుట్టు అనియు, కుప్పడమనియు అందురు. ఎండలు మండు సీమలో ఒంటికి నూలు చలువ, పూజకు పట్టు మడి. రెండు అవసరములను ఒక్క వస్త్రమున ఇముడ్చుట చూడగా, పదార్థమును ఎంచుకొనుటలో ఎంత ఆలోచన యున్నదో తెలియును. కాని మడియని మనము పూజించు ఆ పట్టు, గూటిలో ప్రాణముతోనున్న పురుగును ఆవిరికో మరుగునీటికో బలియిచ్చి తీసిన దారము. గూడు తెగనిచో దాదాపు వేయి మీటర్ల పోగు ఏకధారగ వచ్చును. అందుకే ఆ వధ. పురుగును చంపక పట్టు తీయలేరా యని నాటి రాష్ట్రపతి వెంకట్రామన్ గారి సతీమణి జానకి గారు అడిగిన ప్రశ్న ప్రేరణగా, ఆప్కో చేనేత సహకార సంస్థలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు, పురుగు పట్టుచిలుకగ మారి గూటిని చీల్చుకొని వెళ్లిన తరువాతనే ఆ తెగిన పోగులను వడికి అహింసాపట్టును రూపొందించి పేటెంటు పొందిరి. మెరపు తగ్గినది, వెల పెరిగినది, మనసుకు ఊరట కలిగినది. అయినను ఒక లెక్క మిగిలియున్నది. వేలయేండ్ల పెంపకము వలన ఎగురలేనిదైన ఆ చిలుక కొలదిదినములలోనే వందలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. ఆ గ్రుడ్లన్నియు పొదిగి పిల్లలైనచో వానికి మల్బరీ ఆకు పెట్టువారెవ్వరు? హింస తొలగినదా, కంటికి కనబడని చోటికి మారినదా? రాజయ్య గారి ప్రయత్నమును తక్కువచేయుటకు ఈ మాట అనుట లేదు. వస్తువును ఊహించువాడు ఒక్క దోషమును సరిదిద్ది నిలిచిపోరాదు, దాని పుట్టుకనుండి నాశనమువఱకు వెంట నడువవలెనని చెప్పుటకే అనుచున్నాను.

వెనుకటి జరీకి కడదాక కీడు చేయని గుణము ఎవరును కోరకయే అబ్బినది. పట్టుదారముపై వెండితీగ చుట్టి బంగారునీరు పట్టించిన ఆ జరీ, చీర చివికిపోయిన తరువాత కరగించినచో మరల వెండియగును. నేడు కొన్ని చీరలలో మెరయు ప్లాస్టిక్ జరీ తేలిక, చవుక; కాని అది కరగి వెండికాదు, మట్టిలో మట్టియు కాదు. ఇక దుర్వాసన రాకుండ వస్త్రములకు పట్టించు నానోవెండి ఉతికినప్పుడెల్ల కొంతకొంతగ నీటిలో కలియును. ఉక్కును మించు బలముగల కార్బన్ నానోట్యూబులలో పొడవైనవి ఎలుకల దేహమున ఆస్బెస్టాసును పోలిన వికారములను పుట్టించెనని 2008లో వెల్లడియైనది. ఈ అనుభవములన్నిటి పిమ్మట ఐరోపా సంఘము 2022 డిసెంబరులో, పదార్థమును రూపకల్పన చేయునప్పుడే పరీక్షింపవలసిన క్రమమును సూచించినది: పదార్థముయొక్క స్వభావదోషము, తయారుచేయువారి క్షేమము, వాడువారి క్షేమము, జీవితచక్రమంతట ప్రకృతికి కలుగు భారము, కడపట సమాజముపై ప్రభావము. ప్రశ్నలు మంచివే. నా సందేహము ప్రశ్నలను గూర్చి కాదు, సమాధానము వ్రాయువానిని గూర్చి. లాభము పొందువాడే తన సంకల్పమునకు తానే న్యాయాధిపతి యగుట ఏ ధర్మశాస్త్రము ఒప్పుకొనును?

ఇందుకు భిన్నముగ జరిగినదొకటి చెప్పెదను. నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు అడవిలో యురేనియము అన్వేషణకు 2019లో ఎనుబదిమూడు చదరపు కిలోమీటర్లకు సూత్రప్రాయమైన అనుమతి లభించినప్పుడు, ప్రశ్న అడిగినవారిలో ఆ లోహముతో వెలుగు దీపము ఎన్నడును తమ గుడిసెకు రాదని ఎరిగిన చెంచులుండిరి. గనియే లేదు, త్రవ్వకమే లేదు. నీరేమగునో, పుట్టతేనె ఏమగునో, పులి ఎక్కడికి పోవునో ముందే చెప్పుడనిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవముగ వలదని తీర్మానించినది. యురేనియము వలన విద్యుత్తు కలుగును, విద్యుత్తు లేనిదే నేటి జీవితము సాగదు, ఆ వాదమును తీసివేయలేము. కాని కీడు మోయవలసినవారు ముందే నోరు విప్పుటవలన కలిగిన మేలు అక్కడ స్పష్టముగ కనబడినది.

ఇంత విచారించుచు కూర్చున్నచో క్రొత్తది ఏదియు పుట్టదని కొందరందురు. నిజమే, అన్నియు తెలిసినపిమ్మటనే చేయుదుమనువాడు ఏమియు చేయలేడు; జైనుడు కూడ రైతును నాగలి పట్టవద్దనలేదు. నేను కోరునది సర్వజ్ఞత్వము కాదు. ఐరోపావారి క్రమమున కట్టకడపటిదైన ఐదవ మెట్టును, అనగా దీనిని మోయువారెవరను ప్రశ్నను, మొదటికి తెచ్చుట. రంగు అణువును ఊహించు బల్లచుట్టును రసాయనవేత్తతోపాటు తొట్టిలో చేయిపెట్టు అద్దకపువాడును కూర్చుండవలెను. వానికి అర్థమగు భాషలో దోషము చెప్పవలెను. వాడు వలదన్నచో ఆ మాటకు తీర్పులో చోటుండవలెను.