సాక్షి ఎవరు? కాణిపాకం ప్రమాణం, కంటికి అందని కాంతి

పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లో గెనిమ తగాదా ముదిరినా, చేబదులు డబ్బు దగ్గర మాట తేడా వచ్చినా, పెద్దమనుషుల ముందు చివరికి తేలే మాట ఒకటే: "కాణిపాకం వస్తావా?" ఆ మాటకు అవతలివాడు తడబడ్డాడంటే సగం తీర్పు అక్కడికక్కడే అయిపోయినట్టు. వస్తానన్నవాడు పుష్కరిణిలో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి, తాను చెప్పేది నిజమని ప్రమాణం చేయాలి. ఇరాల మండలంలోని ఈ గుడి పూతలపట్టు నియోజకవర్గంలోనే ఉంది. రాజకీయ నాయకులు ఒకరి మీద ఒకరు ఆరోపణలు చేసుకున్నప్పుడు సవాలు విసిరేది కూడా ఇక్కడికి రమ్మనే. గుడి పుట్టుక కథ ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు బావి తవ్వుతుంటే పార రాతికి తగిలి నెత్తురు ఉబికింది. ఆ నీళ్లు తాకగానే ఒకరికి చూపు, ఒకరికి మాట, ఒకరికి వినికిడి వచ్చాయి. సాక్ష్యం చెప్పేవాడికి కావలసినవి సరిగ్గా ఆ మూడే.

ఈ పద్ధతిని ఒకప్పుడు చట్టమూ మన్నించింది. 1873 నాటి భారత ప్రమాణాల చట్టం ప్రకారం, దావాలో ఒక పక్షం "అవతలివారు ఫలానా తీరున ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను" అని కోర్టులో ఒప్పుకోవచ్చు. అవతలివారు అలాగే ప్రమాణం చేస్తే ఆ మాట, ఒప్పుకున్నవారి మీద తిరుగులేని రుజువు. 1969లో వచ్చిన కొత్త చట్టంలో ఆ ఏర్పాటు లేదు. పాత చట్టంలో గమనించదగ్గ సంగతి ఒకటుంది. ఆ ప్రమాణం ఊరందరికీ రుజువు కాదు. దానికి కట్టుబడతానన్నవాడికే రుజువు. అంటే అక్కడ పొలం హద్దు కంటే ముందు తేలుతున్నది ఇద్దరు మనుషుల మధ్య నమ్మకం.

ఇదే నమ్మకం ప్రశ్న ప్రయోగశాలలోనూ ఎదురవుతుంది. కాణిపాకం నుంచి చిత్తూరు మీదుగా తూర్పుకు వెళితే చెన్నై. అక్కడ ఐఐటీ మద్రాసులో బిజోయ్ కృష్ణ దాస్ నాయకత్వంలోని బృందం ఏళ్ల తరబడి సిలికాన్ ఫోటోనిక్స్ మీద పనిచేస్తోంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వశాఖ తోడ్పాటుతో అక్కడ దీనికోసం ప్రత్యేక కేంద్రం కూడా ఏర్పడింది. చిప్‌లో తీగల వెంట కరెంటును పంపే బదులు, సన్నని సిలికాన్ దారుల వెంట కాంతిని నడిపించడం ఈ శాస్త్రం పని. ఆ దారి మందం సాధారణంగా 220 నానోమీటర్లు, వెడల్పు అర మైక్రోమీటరుకు అటూ ఇటూ. సిలికాన్ వక్రీభవన గుణకం దాదాపు 3.48, దాని చుట్టూ ఉండే సిలికాన్ డయాక్సైడ్‌ది 1.44. ఇంత తేడా ఉండటం వల్ల కాంతి బయటికి జారిపోకుండా ఆ సన్నని దారిలోనే ఉండిపోయి, మలుపులు కూడా తిరుగుతుంది.

ఆ కాంతి పరారుణం; దాని తరంగదైర్ఘ్యం 1550 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మన కన్ను పట్టగలిగేది సుమారు 400 నుంచి 700 వరకే. మనకు బూడిదరంగు లోహంలా మెరిసే సిలికాన్ బిళ్ల ఆ కాంతికి మాత్రం గాజు. కాబట్టి ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరూ తాము నడిపిస్తున్న కాంతిని కళ్లారా చూసి ఉండరు.

కొలత తీసేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఇది ఎంత విచిత్రమో తెలుస్తుంది. చిప్ పైన వెంట్రుకంత సన్నని గాజు ఫైబరు, దాని కింద కాంతిని లోపలికి దింపే గీతల జాలీ. ఫైబరును కొద్దిగా వంచి, మైక్రోమీటరు చొప్పున జరుపుతూ పోవాలి. విద్యార్థి చూపు చిప్ మీద ఉండదు, పక్కనున్న పవర్ మీటరు అంకె మీద ఉంటుంది. అంకె ఉన్నట్టుండి పెరుగుతుంది. "పడింది" అంటారు. పడినదాన్ని చూసినవారు లేరు. దీన్ని ప్రత్యక్షం అనాలా, తర్కంలో చెప్పే అనుమానం అనాలా?

ఈ ప్రశ్నకు సరిపడే పనిముట్లు మన దర్శనాల్లో ఉన్నాయి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం నేటికీ న్యాయదర్శనంలో తొలి పాఠ్యగ్రంథం. ఆ దర్శనం వారైన నైయాయికుల లెక్కలో యథార్థమైన అనుభవం నాలుగు రకాలు: ప్రత్యక్షం, అనుమితి, ఉపమితి, శాబ్దం. ఇంద్రియం వస్తువును తాకినప్పుడు పుట్టేది ప్రత్యక్షం. పొగను చూసి కొండ మీద నిప్పుందని తెలుసుకోవడం అనుమితి. పవర్ మీటరు అంకె పొగ లాంటిదే, కాంతి నిప్పు. ఇంతవరకు తేలికే. అయితే నైయాయికులు ఇంకో మాట కూడా అన్నారు. తేజస్సుకు, అంటే వెలుగూ వేడీ అయిన తత్వానికి, రూపం (రంగు) ఉన్నా అది ఎప్పుడూ బయటపడి ఉండనక్కర్లేదు. వేడినీళ్లలో తేజస్సు ఉంది; కంటికి కనపడదు, చేతికి తెలుస్తుంది. పరారుణ కాంతి వాళ్లకు తెలుసని దీని అర్థం కాదు, అలా చెప్పడం వాళ్లకు గౌరవమూ కాదు. కంటికి అందని తేజస్సు ఉండవచ్చని, దాన్ని మరో దారిలో తెలుసుకోవచ్చని ఒప్పుకునే నిజాయితీ వాళ్ల ఆలోచనలో ఉంది. అది చాలు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. మీటరు చెప్పింది నిజమని ఎలా తెలుసు?

మీమాంస దర్శనాన్ని అనుసరించే మీమాంసకులు జ్ఞానానికి ప్రామాణ్యం, అంటే నమ్మదగినతనం, స్వతహాగా ఉంటుందన్నారు. బాధకం ఎదురయ్యేదాకా, అంటే దాన్ని కొట్టిపారేసే జ్ఞానం మరొకటి వచ్చేదాకా, తెలిసినదాన్ని నమ్మాలి. నైయాయికులు ఒప్పుకోలేదు. ప్రామాణ్యం బయటి నుంచే తేలాలన్నారు. సిలికాన్ రింగు ఉదాహరణ తీసుకుంటే ఇద్దరి మాటల్లోని బలమూ కనిపిస్తుంది. గుండ్రంగా తనలో తానే చుట్టుకునే ఈ చిన్న దారి కొన్ని తరంగదైర్ఘ్యాలను పట్టి ఉంచుకుంటుంది. దాని మీద ఏదైనా అణువు అంటుకుంటే ఆ తరంగదైర్ఘ్యం కాస్త జరుగుతుంది. అందుకే రోగనిర్ధారణ సెన్సర్లలో దీన్ని వాడుకోవచ్చని ప్రయత్నాలు సాగుతున్నాయి. కానీ చిప్ ఒక్క డిగ్రీ వేడెక్కినా అది సుమారు 0.07 నానోమీటర్లు జరుగుతుంది. జరిగింది అణువు వల్లా, వేడి వల్లా? రింగు చెప్పలేదు. అందుకని పక్కనే ఇంకో రింగు పెట్టి, దానికి ఏ అణువూ అంటకుండా కప్పి ఉంచుతారు. రెండూ కలిసి జరిగితే తప్పు వేడిది. ఇది అచ్చంగా నైయాయికుడి పని.

మీమాంసకుడు ఊరుకోడు. రెండో రింగును నమ్మడానికి మూడోది కావాలి కదా, దీనికి అంతెక్కడ అంటాడు. అనవస్థ దోషం అంటే ఇదే. కాంతి శక్తిని కొలిచే ప్రమాణాల ప్రపంచంలో ఈ గొలుసు ఒక చోట ఆగుతుంది. విద్యార్థి ముందున్న మీటరును దానికంటే మేలైన మీటరుతో సరిచూస్తారు, దాన్ని ఇంకోదానితో. పైకంటా వెళితే అతిశీతల రేడియోమీటరు ఉంటుంది. పరమశూన్య ఉష్ణోగ్రతకు కొద్ది డిగ్రీల పైన చల్లబరచిన నల్లటి గుల్లలోకి కాంతిని పంపి, అది ఎంత వేడెక్కిందో చూస్తారు. తర్వాత కాంతిని ఆపి, అంతే వేడి పుట్టడానికి ఎంత కరెంటు కావాలో కొలుస్తారు. కనపడని తేజస్సును చివరికి పట్టిచ్చేది వేడే. అయినా ఆ గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా "నేను సరిచూశాను" అని ధ్రువపత్రం కింద సంతకం చేసే మనిషి ఒకరుంటారు.

ఆ మనిషి అబద్ధమాడితే ఏమవుతుందో సెమీకండక్టర్ చరిత్రలోనే రాసి ఉంది. ట్రాన్సిస్టర్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో, యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ శాస్త్రవేత్త 2000 ప్రాంతంలో సేంద్రియ పదార్థాల ట్రాన్సిస్టర్ల మీద ఒకదాని వెంట ఒకటి అద్భుత ఫలితాలు ప్రకటించాడు. అవన్నీ పేరున్న పత్రికల్లోనే వచ్చాయి. వేరువేరు ప్రయోగాల గ్రాఫుల్లో గజిబిజి కూడా ఒకేలా ఉందని కొందరు గుర్తుపట్టారు. కొలతలో ఉండే ఆ చిన్న వణుకు ఏ రెండుసార్లూ ఒకేలా రాదు. విచారణ సంఘం అడిగితే అతని దగ్గర సరైన ప్రయోగ పుస్తకాలు లేవు, మూల దత్తాంశాలు లేవు. పరిశీలించిన 24 ఆరోపణల్లో 16 నిజమని 2002 సెప్టెంబరులో తేలింది. మీటర్లు తప్పు చెప్పలేదు. వాటి పేరు చెప్పి మనిషి తప్పు చెప్పాడు.

పక్కనే తిరుపతిలో మరో ఉదాహరణ ఉంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో కె.టి. రామకృష్ణారెడ్డి బృందం, తగరం, గంధకం కలిసిన టిన్ సల్ఫైడ్ పొరలతో సౌర ఘటాలు తయారుచేసింది. ద్రావణాన్ని వేడి పలక మీద పిచికారీ చేసి పొర కట్టించే చవకైన పద్ధతి వాళ్లది. ఇంగ్లండు శాస్త్రవేత్త ఆర్.డబ్ల్యు. మైల్స్‌తో కలిసి 2006లో ప్రచురించిన పత్రంలో వాళ్లు చెప్పుకున్న సామర్థ్యం 1.3 శాతం. మార్కెట్లో సిలికాన్ పలకలు దానికి పది రెట్లు ఇస్తున్న రోజులవి. ఆ చిన్న అంకెను ఉన్నదున్నట్టు రాశారు. తర్వాత ఈ పదార్థం మీద పనిచేసినవాళ్లు తమ ఫలితాన్ని దానితో పోల్చి చూసుకున్నారు. 2014లో హార్వర్డ్ బృందం 4.36 శాతం సాధించి, అమెరికా జాతీయ ప్రయోగశాల చేత ధ్రువీకరింపజేసుకుంది. నిలబడడానికి గట్టి మెట్టు ఉంటేనే పై మెట్టు ఎక్కగలం. షోన్ చూపిన ఎత్తుల మీద అడుగు వేయబోయిన బృందాలు ఎన్నో ప్రయోగశాలల్లో నెలల తరబడి శ్రమ పోగొట్టుకున్నాయి. మెరుపు ఫలితాల కోసం తహతహలాడే మన విశ్వవిద్యాలయాలు ఆ 1.3ను మనసులో పెట్టుకోవాలి.

ఇక కన్నుకూ యంత్రానికీ తేడా ఎక్కడుంది? చిప్ చివర ఉండే జెర్మేనియం శోధకం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు విడివడి కరెంటు పారుతుంది. దానికి ఏమైనా తెలిసిందా అంటే అద్వైతి లేదంటాడు. కంటికి తెలిసిందా అని అడిగితే, దానికీ లేదంటాడు. కన్ను, మనసు కూడా జడాలే. వాటిని వెలిగించే సాక్షి చైతన్యం వేరు. కాబట్టి అద్వైతం దగ్గర కన్నూ జెర్మేనియమూ ఒకే బల్ల మీద కూర్చుంటాయి. యంత్రం కన్నా కన్నే మేలని మురిసిపోవడానికి అక్కడ చోటు లేదు.

కానీ ఆ సాక్షి దేనికీ అంటడు, లాభనష్టాలు లేనివాడు. పల్లె పంచాయితీ వెతికేది అలాంటివాణ్ణి కాదు. పిల్లాజెల్లా, పొలం, ఊళ్లో పేరు ఉన్నవాణ్ణి, అబద్ధమాడితే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాణ్ణి పుష్కరిణిలో ముంచుతుంది. ఆప్తుడు అంటే విషయాన్ని స్వయంగా తెలుసుకుని, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు నిర్వచించాడు; ఋషికైనా, మ్లేచ్ఛుడికైనా ఆ లక్షణం ఒకటే అన్నాడు. ప్రయోగశాలకు కావలసినవాడు ఈ ఆప్తుడే. ప్రచురితమైన ప్రతి కొలతనూ మళ్లీ కొలిచేంత తీరిక ప్రపంచంలో ఎవరికీ లేదు. చాలా పత్రాలు మాట మీదే చెల్లుతున్నాయి. గుడిలో ప్రమాణం పొలం హద్దును కొలవలేదు, ప్రయోగశాల పద్ధతులు మనస్సాక్షిని పుట్టించలేవు. రెండోదానికి మొదటిదాని అవసరం ఎంతుందో శాస్త్రవేత్తలు పైకి ఒప్పుకోవడం తక్కువ.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, పెద్ద తయారీ కేంద్రాల్లో ఒక్కో సిలికాన్ బిళ్ల మీది వేల పరికరాలను పరీక్షించే యంత్రాలు రాత్రంతా మనిషి లేకుండానే నడుస్తున్నాయి. ఫైబరును జరిపేది యంత్రం, అంకె చదివేది సాఫ్ట్‌వేర్. మంచి బృందాల్లో ప్రతి కొలత పక్కనా తేదీ, ఉష్ణోగ్రత, మీటరును చివరిగా సరిచూసిన రోజు, కొలిచినవారి పేరు రాసే అలవాటు ఉంది. యంత్రమే కొలిచిన రాత్రి ఆ పేరు గడిలో ఎవరిది రాయాలి? యంత్రానికి ఆదేశం రాసినవారిదా, పొద్దున వచ్చి ఫలితాన్ని ఒప్పుకున్నవారిదా, పత్రం మీద మొదటి పేరున్నవారిదా? న్యాయదర్శనం చెప్పే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, సెమీకండక్టర్లు చెప్పే ఎస్వీ విశ్వవిద్యాలయం తిరుపతిలో ఇరుగుపొరుగునే ఉన్నాయి. రెండు చోట్లా చదివే విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడగడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు.