ఈలోగా వచ్చిన కాపరి

ఆ ఆదివారం హయత్‌నగర్‌లో మా చిన్న సంఘమంతా మందిరం గుమ్మం ముందు నిలబడింది. పాత అయ్యగారు బదిలీ మీద వెళ్లి నెల దాటింది. ఆ స్థానంలో ఎవరినీ ఇంకా వేయలేదు. ఈలోగా సంఘాన్ని చూసుకోవడానికి రిటైరైన ఒక పెద్ద పాస్టరుగారిని ఇన్‌ఛార్జిగా పంపుతున్నట్టు కబురు వచ్చింది. స్త్రీల సమాజం వాళ్లు తెల్ల చీరల్లో వచ్చారు. సండే స్కూలు పిల్లల చేతుల్లో బంతిపూలు. ఆయన విజయవాడ రోడ్డు మీద బస్సు దిగి, భుజాన సంచితో నడిచి వచ్చారు. దండ వేస్తే తల వంచి అందుకున్నారు, వెంటనే తీసి దగ్గరున్న పిల్లవాడి మెడలో వేశారు. నా పక్కన నిలబడ్డ మామ్మగారు, పల్నాటి నుంచి కొడుకు వెంట ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లయిన మనిషి, మెల్లగా అడిగింది: "ఈ అయ్యగారు ఎన్నాళ్లుంటారు నాయనా?"

నాకు తెలియదన్నాను. ఆమె తల ఊపి ఊరుకుంది. ఆరాధన మొదలైంది, పాపపు ఒప్పుకోలు అయింది, పాఠాలు చదివారు. నా మనసు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఎన్నాళ్లుంటారని అడగడంలో కుతూహలం కన్నా భయం ఎక్కువ. ఆ మామ్మ ఎంతోమంది అయ్యగార్లను చూసింది. ఒకరు ఆమె పిల్లలకు బాప్తిస్మమిచ్చారు. ఒకరు ఆమె భర్త తలగడ దగ్గర రాత్రంతా కూర్చుని ప్రార్థన చేశారు, తెల్లారాక మట్టి చేశారు. ప్రతివారూ ఒక రోజు సామాను లారీకెక్కించుకుని వెళ్లిపోయారు. ప్రేమించి పంపించడం ఎన్నిసార్లు చేయగలదు మనిషి? ఈయన ఎలాగూ ఉండేవారు కాదని ముందే తెలిస్తే ఆ ప్రేమను కాస్త దాచుకోవచ్చు. ప్రశ్న వెనక ఉన్నది ఆ లెక్కే.

మన భాష కూడా ఆమె పక్షానే ఉంది. కాపురం, కాపరి ఒకే కుదురు మాటలు. కాపు అంటే కాయడమూ అవును, ఊళ్లో స్థిరంగా ఉండడమూ అవును. కాపురం లేనివాడు కాపరి ఎలా అవుతాడని తెలుగు చెవికి తోస్తుంది. పైగా యోహాను సువార్త పదో అధ్యాయంలో మంచి కాపరి పక్కనే జీతగాడు నిలబడి ఉన్నాడు. తోడేలు రాగానే పారిపోయేవాడు. ఇన్‌ఛార్జి పాస్టరంటే చాలామంది సంఘ పెద్దల మనసులో మెదిలేది, నోటితో అనకపోయినా, ఆ జీతగాడి బొమ్మే.

కాని ఆ అధ్యాయాన్ని నిదానంగా చదివితే జీతగాడి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. అతడు కొద్దికాలమే ఉన్నాడని యేసు అక్కడ ఎక్కడా అనలేదు. గొర్రెలు తనవి కావు గనుక వాటిమీద అతనికి చింత లేదన్నాడు. కొలత కాలంతో కాదు, చింతతో. ముప్ఫై ఏళ్లు ఒకే మందిరంలో ఉండి జీతగాడిగా మిగిలిపోవచ్చు. మూడు నెలలుండి కాపరి కావచ్చు. పేతురు తన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. పెద్దలకు మందను అప్పగిస్తూనే, ప్రధాన కాపరి వేరే ఉన్నాడనీ ఆయన ప్రత్యక్షమవుతాడనీ గుర్తు చేస్తాడు. అంటే ఆయన వచ్చేదాకా మందను చూసే ప్రతివారూ ఈలోగా చూసేవారే. ఆ లెక్కన పర్మనెంటు పాస్టరనేవాడు ఒక్కడే.

క్రొత్త నిబంధనలో ఇన్‌ఛార్జి పాస్టరు ఒకాయన స్పష్టంగా కనిపిస్తాడు, తీతు. పౌలు అతణ్ణి క్రేతు ద్వీపంలో దిగవిడిచింది సర్దవలసినవి సర్దడానికి, ఊరూరా పెద్దలను ఏర్పరచడానికి. పత్రిక చివరికి వచ్చేసరికి బదిలీ మాట కూడా ఉంది. అర్తెమానో తుకికునో పంపగానే నువ్వు నికొపొలికి వచ్చెయ్యమంటాడు. వాళ్లిద్దరిలో ఎవరు వచ్చారో ఆ పత్రికలో లేదు. తీతు మాత్రం తన తర్వాత ఎవరో ఒకరు వస్తారని తెలిసీ ఆ ద్వీపంలో పని చేశాడు. ఆ పని ఎలా చేస్తాం? ఫలం చూడననీ, తన పేరు నిలవదనీ తెలిసి విత్తడం ఎలా? ఈ ప్రశ్నకు నాకు దొరికిన నిలువెత్తు జవాబు మన గోదావరి గట్టునే ఉంది.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. తెలుగు నేలమీద అమెరికా లూథరన్ల పనికి అదే మొదలు. ఆ తేదీ మనవాళ్లు చాలామందికి నోటికి వచ్చు. ఆయన ఎన్నిసార్లు వెళ్లిపోయారో అంతగా గుర్తుపెట్టుకోం. మొదటి విడత ముగించి అమెరికా వెళ్లి, బాల్టిమోరులో వైద్యం చదివి 1847లో పట్టా తీసుకుని, మరుసటి ఏడు తిరిగొచ్చారు. పల్నాటిలో గురజాల దాకా వెళ్లి పనిచేశారు. 1857లో మళ్లీ వెళ్లిపోయారు. అప్పటికి అరవై దాటాయి, ఇక అయిపోయిందనుకోవచ్చు.

అవలేదు. ఉత్తర జర్మనీ మిషనరీ సంఘం 1845లో మొదలుపెట్టి తర్వాత అమెరికన్లకు అప్పగించిన రాజమహేంద్రవరం పని, మనుషులూ డబ్బూ చాలక మూతబడే స్థితికి వచ్చింది. దాన్ని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామన్నారు. హయ్యరుగారికి ఇది తెలిసింది. 1869లో పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణంలో జరిగిన సభకు వెళ్లి, వేరేవాళ్లు దొరికేదాకా నేను వెళ్తానన్నారు. ఆయన పుట్టింది 1793లో. డెబ్బై అయిదు దాటిన మనిషి ఓడెక్కి, ఆ ఏడాది చివరికి రాజమహేంద్రవరం చేరారు. 1870లో ష్మిట్ అనే యువకుడు వచ్చాడు. అతనికి పని అప్పగించి, 1871లో ఈయన వెళ్లిపోయారు. రెండేళ్లయినా నిండలేదు. 1873లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు.

గుంటూరు హయ్యరుగారు స్థాపకుడు. రాజమహేంద్రవరం హయ్యరుగారు ఇన్‌ఛార్జి. మనం మొదటాయనకు జయంతులు చేస్తాం. నాకు రెండో ఆయనమీదే ప్రేమ ఎక్కువ. స్థాపకుడికి ముందు చూపే బలం, తన చేతి పని ఎదుగుతుందన్న ఆశ తోడు. రెండో ఆయనకు ఆ తోడు లేదు. దీపం ఆరకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టి, నూనె తెచ్చేవాడు వచ్చేదాకా నిలబడడమొక్కటే పని. ఆ చేతులు అడ్డం పెట్టకపోయి ఉంటే గోదావరి జిల్లాల లూథరన్ సంఘాల కథ వేరుగా ఉండేది. 1927లో గుంటూరు, రాజమహేంద్రవరం పనులు రెండూ కలిసి ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమయ్యాయి. ఆ కలయికలో సగం భాగం ఒక ముసలి ఇన్‌ఛార్జి అయ్యగారు నిలబెట్టినది.

ఇంటెరిమ్ అనే లాటిన్ మాటకు 'ఈలోగా' అని అర్థం. లూథరన్ల చరిత్రలో అది చేదు మాట. లూథరు పోయిన రెండేళ్లకు, 1548లో, అయిదో చార్లెస్ చక్రవర్తి ఆగ్స్‌బర్గ్‌లో ఒక శాసనం చేశాడు. మహాసభ తీర్పు చెప్పేదాకా, ఈలోగా, అందరూ పాత ఆచారాలకు చాలావరకు తిరిగిరావాలన్నాడు. దాని పేరే ఇంటెరిమ్. ఒప్పుకోని పాస్టర్లు ఎందరో మందిరాలు పోగొట్టుకుని ఊళ్లు విడిచిపోయారు. ఆ 'ఈలోగా'కు అర్థం, విశ్వాసాన్ని కొన్నాళ్లు మడిచి పక్కన పెట్టమని. నాలుగేళ్లకే అది చెదిరిపోయింది.

దానికి ఇరవై ఏళ్ల ముందు ఇంకొక 'ఈలోగా' గడిచింది. దాన్ని గురించి మన ప్రసంగాల్లో వినను, అందుకే ఇక్కడ చెప్పాలనిపించింది. విట్టెన్‌బర్గ్ పట్టణ సంఘానికి పాస్టరు లూథరు కాదు, యోహన్నెస్ బూగెన్‌హాగెన్. 1523 నుంచి ఆయనే. లూథరు విశ్వవిద్యాలయంలో బోధకుడు, తన పాప ఒప్పుకోలును కూడా బూగెన్‌హాగెన్ దగ్గరే చేసుకునేవాడు. 1528లో ఆ పాస్టరుగారిని బ్రౌన్‌ష్వైగ్, హాంబర్గ్ పట్టణాలవారు తమ సంఘాలను దిద్దమని పిలిపించుకున్నారు. ఈలోగా పట్టణ మందిరంలో ప్రసంగించే భారం లూథరు మీద పడింది. ఆ ఏడాది ఆయన పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, సంస్కారాల మీద మూడు విడతలుగా ఇంటివాళ్లకూ పిల్లలకూ పనివాళ్లకూ అర్థమయ్యేట్టు ప్రసంగించాడు. 1529లో వెలువడిన చిన్న క్యాటకిజము, పెద్ద క్యాటకిజము ఆ ప్రసంగాల నేలలో మొలిచినవే. పల్నాటి గుడిసెలోనైనా హైదరాబాదు అపార్ట్‌మెంట్‌లోనైనా నిర్ధారణకు ముందు మన పిల్లలు వల్లించే ఆ చిన్న పుస్తకం వెనక, ఒక పాస్టరు ఊళ్లో లేని కాలం ఉంది. ఇంకొకరి పల్పిట్‌లో నిలబడ్డ మనిషి చేసిన సేవ అది.

ఆ సంగతి తెలిసిన వాళ్లు కనుకే, 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు రాసినవాళ్లు సేవ బలాన్ని సేవకుడి మీద పెట్టలేదని నాకనిపిస్తుంది. అయిదో అధికరణంలో సేవను దేవుడే ఏర్పరిచాడన్నారు. ఎనిమిదిలో, ఇచ్చే చేయి యోగ్యమైనది కాకపోయినా సంస్కారం చెల్లుతుందన్నారు. పద్నాలుగులో, సక్రమంగా పిలుపు పొందనివాడు బహిరంగంగా బోధించకూడదన్నారు. పిలుపు ఉండాలన్నారు గాని, ఆ పిలుపు ఎన్నేళ్లకో చెప్పలేదు. ఇన్‌ఛార్జి అయ్యగారి చేతిలోని రొట్టె పూర్తి రొట్టే. ఆయన పలికిన పాప క్షమాపణ తాత్కాలికం కాదు.

ఇక పారిష్ అనే మాట. మనం రోజూ వాడతాం, ఫలానా పారిష్ పాస్టరు, పారిష్ కమిటీ అని. దాని మూలం గ్రీకులో పరొయికియ. ఇంటి పక్కన, అంటే సొంత ఇల్లు లేనిచోట, పరాయిగా ఉండడం. పేతురు తన మొదటి పత్రికలో విశ్వాసుల భూలోక కాలాన్ని ఈ మాటతోనే చెప్పాడు. రెండో శతాబ్దంలో పోలికార్పు హతసాక్ష్యాన్ని గురించి ఉత్తరం రాసిన స్ముర్న సంఘంవాళ్లు, తాము ఆ ఊళ్లో పరవాసం చేస్తున్నట్టుగానే చెప్పుకున్నారు. ఆ పరవాసపు మాటే లాటిన్ గుండా వచ్చి, సరిహద్దులూ రిజిస్టర్లూ కమిటీలూ ఉన్న పారిష్ అయింది. యోహాను మొదటి అధ్యాయంలోనూ, వాక్యం మన మధ్య నివసించిందని మనం చదివేచోట, గ్రీకు క్రియలో గుడారం వేసుకోవడం ఉంది. ఆయన కూడా మన వీధిలో గుడారంలోనే ఉన్నాడు, ముప్ఫై చిల్లర ఏళ్లు.

హయత్‌నగర్‌లో కూర్చుని ఇది ఆలోచిస్తే నేల కూడా మాట కలుపుతుంది. ఈ ఊరు హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసింది. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు. భర్త పోయాక, 1626లో, బాలుడైన కొడుకు అబ్దుల్లా గద్దెనెక్కితే, అతడు పెద్దవాడయ్యేలోగా రాజ్యం చెదరకుండా చూసిన తల్లి. హయాత్ అంటే ప్రాణం, బక్ష్ అంటే ఇచ్చే. ప్రాణమిచ్చే తల్లి పేరున్న ఊళ్లో ఆ కాలపు మసీదు ఇంకా ఉంది, దాని చుట్టూ సరాయి గదుల వరసలు. మచిలీపట్నం బాటలో వచ్చిపోయేవాళ్లు రాత్రికి తల దాచుకున్న చోటు. ప్రార్థనా స్థలాన్నీ బాటసారుల బసనూ ఒకే ప్రాకారంలో కట్టినవాళ్లకు పరొయికియ అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

మేమూ ఆ బాటనే వచ్చాం. మిషన్లు పంచుకున్న రోజుల్లో నిజాం ప్రాంతం లూథరన్ల వంతు కాదు. మెథడిస్టులు, బాప్తిస్టులు, ఆంగ్లికన్లు ఇక్కడ పనిచేశారు. గుంటూరు నుంచీ గోదావరి నుంచీ ఉద్యోగానికి, చదువుకు, పిల్లల వెంట వచ్చినవాళ్లే ఎల్బీ నగర్, హయత్‌నగర్ వైపు లూథరన్ సంఘాల్లో ఎక్కువ. మా క్రిస్మస్ సగం ఊళ్లో, సగం ఇక్కడ. చాలా ఇళ్లలో సమాధులు ఇంకా అక్కడే. బదిలీ లేని కాపరి కావాలని అడిగే మేమంతా బదిలీ అయి వచ్చినవాళ్లమే.

ఆరాధనలో ఆ రోజు ఒక బాప్తిస్మం ఉంది. ముందే అనుకున్నది, పాత అయ్యగారి చేతుల మీద జరగవలసింది. తల్లి ముఖంలో కొంచెం కొరత కనిపించింది. ఇన్‌ఛార్జి అయ్యగారు బిడ్డను ఎత్తుకుని, పేరు రెండుసార్లు అడిగి సరిచూసుకుని, నీళ్లు పోశారు. బిడ్డ ఏడ్చింది. అయ్యగారి చేయి వణికింది గాని గొంతు వణకలేదు.

తర్వాత వెస్ట్రీలో రిజిస్టరు తెరిచారు. కొత్త పేజీ తిప్పకముందు ఆయన పాత పేజీలు వెనక్కి తిప్పుతూ చాలాసేపు చూశారు. ఎన్నో చేతుల సంతకాలు, కొన్ని సిరా అలుక్కుపోయినవి. ఒక సంతకం దగ్గర వేలు ఆగింది. "ఈయన నాతో థియోలజీ చదివాడు," అన్నారు. ఇంకేమీ చెప్పలేదు. తర్వాతి గడిలో బిడ్డ పేరు నిలిపి నిలిపి రాసి, కింద తన సంతకం పెట్టారు.

బయట మామ్మగారు చెప్పులు వేసుకోకుండా ఆగి ఉంది. ఎన్నాళ్లుంటారని ఆయన్ని అడుగుతుందేమోనని నేను చూశాను.

"అయ్యగారూ, బుధవారం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. మా ఆయన పోయిన రోజు. రావాలి మీరు."

ఆయన సంచిలోంచి చిన్న డైరీ తీశారు. "ఇల్లు ఎటువైపమ్మా?" అని అడిగి, ఆమె చెబుతుంటే రాసుకోసాగారు.