తండ్రి మరణమును గురించి అడుగు హక్కు ఎవరిది?

తండ్రితో తగవుపడి ఇల్లు విడిచిన కొడుకు, పరాయి ఊరిలో నేరము చేసి జైలు చూచిన కొడుకు, ఒకనాడు తిరిగివచ్చి, “నాయన ఎట్లా పోయినాడు?” అని అడిగిన, ఆ ఇంటివారు జవాబు చెప్పవలెనా, అక్కరలేదా? పైకి ఇది చిన్న ప్రశ్న. కాని వర్తక కుటుంబములలో దీనికి భయపడని ఇల్లు అరుదు. పేరు చెడినవానిని ఇంటి లెక్కలోనుండి కొట్టివేయుట మన బజారులలో పాత అలవాటు. కొట్టివేసిన పద్దు తిరిగివచ్చి గడపలో నిలిచిన ఏమి చేయవలెనో మాత్రము పెద్దలెవరును చెప్పి పోలేదు.

ఎట్టయాపురము వంటి ఊరిని తీసికొందము. ఇది ఏ ఇంటి కథయు కాదు, ఉదాహరణ మాత్రమే. ఆ మనిషి కోవిల్‌పట్టి బస్సు దిగి బజారు వీధికి వచ్చినాడు. తండ్రి కూర్చుండిన గుడ్డలకొట్టులో గల్లాపెట్టె ముందర ఇప్పుడు అన్న కూర్చుండి యున్నాడు. రాత్రి భోజనము చేసి పడుకొన్న తండ్రి తెల్లవారి లేవలేదట. ముందునాటి సాయంకాలము ఆస్తి కాగితముల మీద ఇంటిలో మాట పెరిగినదట. డాక్టరును పిలువకయే మధ్యాహ్నములోగా దహనము ముగించినారట. ఇవన్నియు అతనికి పొరుగువారి వలన తెలిసినవి. అన్నను అడిగినాడు. అన్న తల ఎత్తకుండ, “కర్మలన్నీ అయిపోయినవి. పదేళ్లు మొగం చూపనివాడివి ఇప్పుడెందుకు వచ్చినావు? వాటా కోసమే గదా?” అన్నాడు.

ఈ అన్న మాటలో అన్యాయము ఉన్నది, న్యాయమును ఉన్నది. చిక్కు అంతయు అక్కడనే.

ఎట్టయాపురము తెలుగువారికి కొత్త ఊరు కాదు. అక్కడి జమీందారులు తెలుగు మాట్లాడు కంబళ నాయకులు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినది అక్కడనే. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తెలుగు లిపిలో అచ్చయినదియు అక్కడనే. నేరస్థుడను మాటను తొందరపడి వాడరాదని నేర్పునదియు ఆ ప్రాంతమే. వీరపాండ్య కట్టబొమ్మనను కుంపిణీవారు తిరుగుబాటుదారుడని 1799లో కయత్తారులో ఉరి తీసినారు. నాడు ఎట్టయాపురము కుంపిణీ పక్షమున నిలిచినది. నేడు ఉరి తీయబడినవానికే స్మారకము ఉన్నది. ఎట్టయాపురములో పుట్టిన సుబ్రహ్మణ్య భారతిని 1918లో పుదుచ్చేరి సరిహద్దు దాటి వచ్చినంతనే కడలూరులో పట్టుకొన్నారు. అయితే ఇక్కడి ప్రశ్న అట్టివారిని గురించినది కాదు. నిజముగా దొంగతనమో, మోసమో, కొట్లాటయో చేసి శిక్షపడినవానిని గురించినది. వానికి అడుగు హక్కు ఉన్నదా?

చట్టము ఈ విషయములో తడబడదు. అనుమానాస్పద మరణము గురించి సమాచారము ఇచ్చువాడు మంచివాడా చెడ్డవాడా అని అది విచారింపదు. మునుపటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 174వ సెక్షను, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షను, అట్టి మరణమును పోలీసువారు విచారింపవలెనని చెప్పుచున్నవి. జైలులో ఉన్న ఖైదీకి తల్లిదండ్రులు పోయిన అత్యవసరపు సెలవు ఇచ్చు నియమములు తమిళనాడులో 1982 నుండి ఉన్నవి. వాటా సంగతి వేరు. 1956 నాటి హిందూ వారసత్వపు చట్టము జైనులకును వర్తించును. అందులో హత్య చేసినవాడు హతుని ఆస్తికి వారసుడు కాజాలడని 25వ సెక్షను చెప్పుచున్నది. దొంగతనము చేసి జైలుకు పోయినంత మాత్రమున తండ్రి ఆస్తిలో వారసత్వము పోవునని మాత్రము ఆ చట్టములో ఎక్కడను లేదు. స్వార్జితమును వీలునామా వ్రాసి మరొకరికి ఇచ్చుకొనుట తండ్రి ఇష్టము. చాల ఇండ్లలో ఈ రెండింటిని కలిపి చూచి, జైలుకు పోయినవానికి ఏమియు లేదని తామే తీర్పు చెప్పుకొందురు.

చట్టము సంగతి ఇంతటితో చాలును. దానితో తేలని భాగము ధర్మములో ఉన్నది.

కోవిల్‌పట్టికి దగ్గరలో కళుగుమలై కలదు. ఎట్టయాపురము జమీనులోనిదే ఆ కొండ. ఇంచుమించు పన్నెండువందల సంవత్సరముల క్రిందట పాండ్యుల కాలములో ఆ రాతిమీద తీర్థంకరుల మూర్తులను వరుసలుగా మలచినారు. చేయించినవారి పేర్లు వట్టెళుత్తు లిపిలో క్రింద చెక్కియున్నవి. అందులో పార్శ్వనాథుని మూర్తి ఒకటి చూడదగినది. పైన బండ ఎత్తిపట్టి దాడి చేయుచున్న కమఠుడు, క్రింద పడగ పట్టిన ధరణేంద్రుడు. కమఠుని పగ ఆ జన్మలో పుట్టినది కాదు. పూర్వము అతడు తమ్ముడైన మరుభూతి భార్యతో తప్పు చేసి దేశము వెళ్ళగొట్టబడినాడు. మరుభూతి క్షమాపణ వేడుటకు అన్న వద్దకు పోగా, వంచిన తలమీద రాయి వేసి చంపినాడు. రాజీకి పోయినవాడే చచ్చినాడు. కనుక, తప్పు చేసినవాడు ఎదురుపడినప్పుడు ఇంటివారు భయపడుట వట్టి పిరికితనమని తోసివేయరాదు.

మన ప్రశ్నకు ఇంతకంటె దగ్గరగా వచ్చు కథ కూణికునిది. శ్రేణిక మహారాజు కొడుకు కూణికుడు తండ్రిని చెరలో పెట్టి రాజ్యము తీసికొన్నాడు. కొరడా దెబ్బలు కొట్టించినాడని, అన్నము మాన్పించినాడని, చేల్లణాదేవి కొప్పులో దాచి ఆహారము తీసికొనిపోయి భర్తను బ్రతికించినదని చెప్పుదురు. ఒకనాడు కూణికుడు పసివాడైన కొడుకును ఒడిలో పెట్టుకొని భోజనము చేయుచుండగా ఆ బిడ్డ కంచములో మూత్రము పోసినాడు. తడిసినంత మేర ప్రక్కకు తీసి కూణికుడు మిగిలినది తినినాడు. తల్లి వంక చూచి, “అమ్మా, కొడుకును ఇంత ప్రేమించిన తండ్రి ఎవడైనా ఉన్నాడా?” అని అడిగినాడు. అప్పుడు చేల్లణ నోరు తెరచినది. పుట్టినంతనే పారవేయబడిన ఆ శిశువు వ్రేలిని కోడి పొడిచినది. పుండు చీము పట్టి బిడ్డ ఏడ్చుచుండగా శ్రేణికుడు ఆ వ్రేలిని నోట పెట్టుకొని చీము పీల్చి ఉమిసి నిద్రపుచ్చినాడు. వంకరపోయిన ఆ వ్రేలివలననే కూణికుడను పేరు వచ్చినది.

కూణికుడు తినుచున్న కంచము విడిచి, తండ్రి సంకెళ్లను తన చేతులతోనే పగులగొట్టవలెనని గొడ్డలి పట్టుకొని చెరసాలకు పరుగెత్తినాడు. దూరమునుండి చూచిన శ్రేణికునకు గొడ్డలి కనిపించినది, కొడుకు మనస్సు కనిపించలేదు. చంపుటకు వచ్చుచున్నాడని తలచి తాలపుట విషమును నోట వేసికొన్నాడు. కూణికుడు లోపలికి పోవునప్పటికి ప్రాణము లేదు.

ఇక ఇది ఎవరు చేసిన మరణము? జైన గ్రంథములు విషమని చెప్పుచున్నవి. బౌద్ధుల వ్యాఖ్యానములు ఇదే తండ్రికొడుకులను బింబిసారుడు, అజాతశత్రువు అని పిలిచి, కొడుకే చంపించినాడని చెప్పుచున్నవి. తనకు బిడ్డ పుట్టిన వార్త, తండ్రి చచ్చిన వార్త ఒకేనాడు వచ్చినవని, మొదటిది విని తండ్రి ప్రేమ తెలిసి విడిపింపుడని ఆజ్ఞ ఇచ్చుసరికి రెండవది అందినదని వారి కథ. ఒకే మరణమునకు రెండు సాక్ష్యములు. రెండింటిలోను కొడుకు ఆలస్యముగానే వచ్చినాడు. జైనుల చెప్పుటలో విషము మ్రింగినది తండ్రి చేయియే. అయినను కూణికుడు, “నేను చంపలేదు గదా” అని రాజగృహములో నిలువలేకపోయినాడు. తండ్రి కూర్చుండిన చోటు చూడలేక చంపానగరమునకు రాజధాని మార్చినాడు.

శ్రేణికుని భయములో తప్పేమున్నది? కొట్టించినవాడే గొడ్డలితో పరుగెత్తి వచ్చుచున్నప్పుడు ఎవడైనను అట్లే తలచును. పూర్వపు నడత ఈనాటి మంచిపనికిని తన రంగు పూయును. ఎట్టయాపురములో గల్లాపెట్టె ముందర కూర్చున్న అన్నకును తమ్ముని నోట వచ్చినది ప్రశ్నగా వినిపించలేదు, వాటా దావాగా వినిపించినది. ఆ అనుమానమును సంపాదించి పెట్టినది తమ్ముడే. ఇది అన్న మాటలోని న్యాయము.

అన్యాయము వేరొకటి. బాకీ ఎగవేసి ఊరు విడిచినవాడు ఒకనాడు అంగడికి వచ్చి, “శెట్టిగారూ, మీ తూకపురాయి తక్కువగా ఉన్నది” అనినాడనుకొనుడు. వాడు బాకీదారుడే, మోసగాడే, మనలను చిన్నబుచ్చుటకే అనినాడేమో. అయినను రాయి తక్కువైనదో కాదో ఆ మనిషి గుణము చూచి తేలదు, త్రాసులో వేసి చూడవలెను. అడిగినవాడు, అడుగుటలోని ఉద్దేశము, అడిగిన ప్రశ్న అనునవి మూడు వేరు వేరు సరుకులు. మూడింటిని ఒకే మూటగా కట్టి బయట పారవేయుట ఇంటివారికి సులభము. అందులోను డాక్టరును పిలువకుండ, మధ్యాహ్నములోగా ముగించిన ఇంటికి మరియు సులభము. ఊరిలో పరువు పోవునని అట్లు తొందరపడినవారందరు హంతకులు కారు. చాలమంది భయపడినవారే. కాని ఆ తొందరయే తరువాత పది సంవత్సరములు నోళ్లలో నానును.

మరి అడుగువాని సంగతి? యశోధరుని కథలో దీనికి జవాబు కొంత ఉన్నది. ఈ కథను సోమదేవసూరి 959లో తెలుగునాట గంగాధరలో, వేములవాడ చాళుక్యుల ఆశ్రయమున ‘యశస్తిలక’మను చంపువుగా ముగించినాడు. కరీంనగరు ప్రాంతపు ఆ గంగాధర దగ్గరనే కురిక్యాల బొమ్మలగుట్ట కలదు. తమిళములోను యశోధర కావ్యము ఉన్నది. ఉజ్జయిని రాజు యశోధరుడును అతని తల్లియు రాణి పెట్టిన విషముతో చచ్చినారు. కొడుకు యశోమతికి ఆ సంగతి తెలియదు. వేటమరిగినవాడు, ముని మీదికి కుక్కలను వదలినవాడు. చివరకు ఆ ముని సుదత్తుడే అతనికి నిజము చెప్పినాడు. విషము పెట్టినది కన్నతల్లి అని విన్నాడు. అంతటితో అయిన అతడు ఒక్క తల్లినే దూషించి ఇంటికి పోయెడివాడు. కాని ముని ఆగలేదు. తండ్రి తరువాతి జన్మలలో చేపయై పుట్టగా ఆ మాంసమును పితృకర్మలో పెట్టించినది కొడుకే. కోడియై పుట్టగా బాణముతో కొట్టినదియు కొడుకే. తండ్రి మరణమును గురించి తెలిసికొనబోయినవానికి తన చేయియు అందులో కనిపించినది.

అందుచేత అడుగువాడు ఒకదానికి సిద్ధపడి రావలెను. జవాబు అన్న మీదనే ఆగకపోవచ్చును. తండ్రి గుండె పదేళ్లుగా ఎవరి వార్త కోసము క్రుంగినదో కూడ విచారణలో బయటపడవచ్చును. అది పోలీసు కాగితములలో వ్రాయబడదు.

రోహిణేయుడను దొంగ ఒకడు ఉన్నాడు. మహావీరుని మాట చెవిన పడనీయవద్దని చచ్చుచు తండ్రి మాట తీసికొన్నాడు. కాలిలో ముల్లు తీసికొనుచుండగా వద్దన్నను నాలుగు మాటలు వినబడినవి. అవియే తరువాత అభయకుమారుని వల నుండి అతనిని రక్షించినవి. తప్పించుకొన్నవాడు పారిపోలేదు. తానే వచ్చి నేరమొప్పుకొని, దాచిన సొత్తు ఉన్న చోట్లు చూపి అప్పగించి, ఆ పిమ్మట దీక్ష అడిగినాడు. తన లెక్క ముందు విప్పినవాని మాటకు విలువ హెచ్చు. అయితే దీనిని విచారణకు షరతుగా పెట్టరాదు. తండ్రి ఎట్లు చనిపోయినాడను ప్రశ్న, అడిగినవాడు పశ్చాత్తాపపడినను పడకపోయినను జవాబు పొందవలసినదే. ఇంటిలో తిరిగి ఒక ఆకు వేయించుకొనుటకు మాత్రము రోహిణేయుని దారి తప్ప వేరొకటి కనిపించదు.

ఎట్టయాపురములో తమ్ముడు ఇంకను కొట్టు మెట్టుమీదనే నిలిచి యున్నాడు. పోలీసు స్టేషను అతనికి తెలియని చోటు కాదు, పోదలచిన పోవచ్చును. అన్న ఆపజాలడు, ఆపరాదు. పోకముందు అతడు అడుగవలసినది ఇంకొకటి ఉన్నది. “అన్నా, వాటా సంగతి ఇప్పుడు వద్దు. ఆఖరి రోజులలో నాయన నన్ను గురించి ఏమైనా అన్నాడా?”

అన్న గల్లాపెట్టె మూసి, కూర్చుండుటకు పీట చూపునో లేదో.